ఎడమ వైపు అడుగుల చప్పుడు

మా చిన్నవాడు రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆడతాడు. ఈమధ్య కొత్త హెడ్‌సెట్ కొన్నాడు. దానికి వైర్ లేదు. ఏ కంపెనీదో చెప్పను, వాళ్లు నాకేమీ ఇవ్వలేదు. వంటింటి కాటా మీద పెట్టి చూశాను, 330 గ్రాములు తూగింది. తలకి పెట్టుకుంటే బరువు తెలియదు గానీ కళ్లజోడు కాడల్ని కణతలకేసి నొక్కుతుంది. అరగంటకల్లా చెవుల చుట్టూ చెమట పట్టింది. ఈ లోపాలు ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దీన్ని మెచ్చుకోబోతున్నాను కాబట్టి.

"అమ్మా, ఒకసారి పెట్టుకుని చూడు" అన్నాడు వాడు. నా ఎడమ చెవి సంగతి వాడికి తెలుసు.

చిన్నప్పుడు నాకు ఎడమ చెవి కారేది. అమ్మమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోసి దూది పెట్టేది. పదేళ్లు వచ్చేసరికి కర్ణభేరికి చిల్లు పడిందని గుంటూరులో డాక్టరు తేల్చారు. పూర్తి చెవుడేం రాలేదు. ఎడమ చెవికి లోకమంతా గోడ అవతల ఉన్నట్టు ఉంటుంది, అంతే. కుడి చెవి ఉంది కనక వినికిడికి పెద్ద లోటు లేదు. చిక్కల్లా మాట ఎటునుంచి వస్తోందో తెలియకపోవడం. బజార్లో ఎవరు పిలిచినా నేను కుడివైపే తిరుగుతాను. మావారు ఉన్నన్నాళ్లూ నాకు కుడిపక్కనే నడిచారు.

వాడు ఆడేది కౌంటర్ స్ట్రైక్. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. ఒక పక్షం బాంబు పెట్టాలి, రెండో పక్షం ఆపాలి. ఇందులో కళ్లతో ఎంత పనో చెవులతోనూ అంత పనట. శత్రువు కనపడేలోపే అడుగులు వినపడతాయట. నాకోసం కుడివైపు ధ్వని తగ్గించి, ఎడమవైపు బాగా పెంచాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఇసుక మీద గరగరమని బూట్ల చప్పుడు. నా వెనక, ఎడమవైపు, నాలుగడుగుల దూరంలో. గబుక్కున తిరిగి చూశాను.

అక్కడ బట్టల బీరువా ఉంది.

వాడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఎవరి అలికిడికైనా ఎడమవైపు తిరిగి యాభై ఏళ్లు దాటింది.

కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైనదాన్ని. ఏటా తర్కసంగ్రహం చెప్పేదాన్ని. అన్నంభట్టు రాసిన చిన్న పుస్తకం, న్యాయశాస్త్రానికి ఓనమాలు. ఆ శాస్త్రం లెక్కలో శబ్దం ఆకాశపు గుణం. చెవి అంటే చెవిదొప్పలో చిక్కిన ఆకాశం. భేరి మీద కర్ర పడగానే పుట్టిన శబ్దం మన దాకా నడిచి రాదు. అది పక్కన ఇంకో శబ్దాన్ని పుట్టించి పోతుంది, అది మరోదాన్ని. చెరువులో అలల్లాగా అని ఒక పోలిక, కడిమి మొగ్గ అన్ని వైపులా విచ్చుకున్నట్టు అని ఇంకో పోలిక. ఆ వరసలో మన చెవిలో పుట్టిన ఆఖరి శబ్దాన్నే మనం వింటాం. భేరి దగ్గరి శబ్దం భేరి దగ్గరే పోయింది.

1994లో అనుకుంటాను, రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, శబ్దం చెవిలోనే పుడితే గుడి గంట గుడిలో మోగినట్టు ఎందుకు వినపడుతుంది?" అని అడిగింది. ఆ రోజు సిలబస్ వెనకబడి ఉంది. "అది పరీక్షకు రాదు, కూర్చో" అన్నాను.

ఆ ప్రశ్న బీరువా ముందు మళ్లీ ఎదురైంది. ఈ హెడ్‌సెట్‌లో వరసంతా తెగిపోయి ఆఖరి శబ్దం ఒక్కటే మిగిలింది. బూట్లు లేవు, ఇసుక లేదు, మధ్యలో అలల్లేవు. చెవికి ఆనుకుని ఒక చిన్న పొర కదులుతోంది. అయినా దూరం వినపడింది, దిక్కు వినపడింది. ఎలారా అంటే వాడు చెప్పాడు. ఎడమ చెవిని తాకాక చప్పుడు తల చుట్టి కుడి చెవికి చేరడానికి సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువే పడుతుంది, అయినా ఆ ఆలస్యాన్ని మనసు లెక్కగడుతుంది. సన్నటి ధ్వనులకైతే తల అడ్డుపడి అవతలి చెవికి కాస్త తక్కువగా అందుతాయి. ఈ రెండు దారులనూ రేలీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1907లోనే వివరించాడట. ముందా వెనకా అన్నది చెవిదొప్ప మడతలు చెబుతాయి. యంత్రం ఈ తేడాలనే కల్పించి చెవుల్లో పోస్తుంది, చోటు మనమే కట్టుకుంటాం. న్యాయానికి తోబుట్టువులాంటి వైశేషిక శాస్త్రం వాళ్లు, అంటే వైశేషికులు, దిక్కును తొమ్మిది ద్రవ్యాల్లో ఒకటిగా లెక్కవేసి, అది ఏ ఇంద్రియానికీ అందదు, ఊహించుకోవలసిందే అన్నారు. ఇన్నేళ్లూ ఆ మాట బోర్డు మీద రాశానే తప్ప నమ్మలేదు.

ఇదంతా ఫోనులో చెబితే మా వియ్యంకుడు గారు "అంతా మాయ అమ్మా" అన్నారు. ఆయనే ఇంకోమాట కూడా అన్నారు: వైర్ లేకుండా గాల్లో శబ్దం వస్తోందంటే, ఆకాశమే శబ్దానికి ఆశ్రయమని మనవాళ్లు ఎప్పుడో చెప్పలేదూ అని. రెండూ నాకు నచ్చలేదు. కంప్యూటర్ నుంచి చెవి దాకా వచ్చేది రేడియో తరంగం, 2.4 గిగాహెర్ట్జ్‌ది, అది శబ్దం కానే కాదు. దాన్ని తీసుకెళ్లి వైశేషికుల నెత్తిన రుద్దడం వాళ్లకే అవమానం. ఇక మాయ అన్న మాటతో ఏ ప్రశ్ననైనా మూసేయొచ్చు. శంకరులు దాన్ని అంత చౌకగా వాడలేదు.

నాకు నైయాయికుడి, అంటే న్యాయశాస్త్రజ్ఞుడి, మాటే సరిపోయింది. ముత్యపు చిప్పను చూసి వెండి అనుకున్నవాడికి తోచిన వెండి అబద్ధం కాదు, అది ఎక్కడో అంగట్లో ఉంది. ఇక్కడ ఉందనుకోవడమే భ్రమ. దీన్నే అన్యథాఖ్యాతి అంటారు. నేను విన్న చప్పుడు నిజం, చోటు తప్పు. మీమాంసకుల్లో ప్రాభాకరులైతే తప్పుడు జ్ఞానమన్నదే లేదంటారు: ఒకటి ఇప్పటి అనుభవం, ఒకటి పాత జ్ఞాపకం, రెంటికీ తేడా పట్టలేకపోయావు, అంతే అంటారు. నా సంగతిలో అది నిలవదు. ఎడమ అన్న నా జ్ఞాపకం నాకు పదేళ్లు రాకముందుది, అమ్మమ్మ నూనె గిన్నె నాటిది. అది ఇంత చురుగ్గా లేచి వచ్చి మెడ తిప్పించిందంటే నమ్మబుద్ధి కాదు.

అయితే ఆ రాత్రి పడుకున్నాక నైయాయికుడితోనూ పేచీ వచ్చింది. జ్ఞానం నిజమో కాదో పనితో తేలుతుందంటాడు ఆయన. ఎండమావి దగ్గరికి వెళితే దాహం తీరదు, చెరువు దగ్గరికి వెళితే తీరుతుంది. సరే, అదే చప్పుడు విని మావాడు ఆటలో ఎడమకి తిరిగితే అక్కడ శత్రువు ఉన్నాడు, కాల్చాడు. వాడి పని నెరవేరింది. నాకు బీరువా దొరికింది.

ఇంకా ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. కామెర్లు వచ్చినవాడికి శంఖం పచ్చగా కనపడుతుందని మా శాస్త్రంలో పాత ఉదాహరణ. ఇంద్రియంలో దోషం ఉంటే భ్రమ పుడుతుందని చెప్పడానికి ఏటా వాడేదాన్ని. ఆ కామెర్ల మనిషి వేరెవరో అనుకుంటూ పాఠం చెప్పాను. రోజూ బజార్లో ఎడమనుంచి వచ్చిన పిలుపుకి కుడివైపు తిరిగింది నేనే. నా వినికిడిలో సగం, ఏ యంత్రమూ లేకుండానే, పచ్చ శంఖం. కల్పించిన చప్పుడొకటి వచ్చి, చప్పుడు ఎడమనుంచి వస్తే ఎడమకే తిరగాలని నా మెడకి గుర్తుచేసింది. దీన్ని ప్రమలో, అంటే నిజమైన జ్ఞానంలో, వేయాలో భ్రమలో వేయాలో ఇంకా తేల్చుకోలేదు. తెనాలికి వెళ్లాక మా గురువుగారి నోట్సు తిరగేయాలి.

హెడ్‌సెట్ కొనుక్కోమని ఎవరికీ చెప్పను. ఖరీదెక్కువ, కళ్లజోడు ఉన్నవాళ్లకి బాధ. ఆ రెండో బెంచీ అమ్మాయికి మాత్రం ఒక మాట. ఇప్పటికి నీకు యాభై దగ్గర పడి ఉంటాయి. ఇది నీ కంటపడితే, ఆ రోజు కూర్చోమన్నందుకు ఏమీ అనుకోకు. చెవికి అందింది గంట మాత్రమే, గుడిని నీ మనసు చేర్చింది. నాకు తోచిన జవాబు ఇది. తప్పనిపిస్తే మళ్లీ లేచి అడుగు.