పొరుగువాని గడ్డివాము

ధ్యానభాగము: నిర్గమకాండము 22:6



దేవుడు మోషేద్వారా ఇశ్రాయేలీయుల కిచ్చిన న్యాయవిధులలో నిప్పును గూర్చిన విధి యొకటి కలదు. ఒకని చేతి నిప్పు ముళ్లకంపలకు ప్రాకి ఇతరుని పంటను కాల్చినయెడల, ఆ నష్టమును నిప్పు పెట్టినవాడే తీర్చవలెనని దాని భావము. ఇక్కడ పగతో చేసినవాని మాట లేదు. పరాకుగా నున్నవాని మాటయే కలదు. “కావలెనని చేయలేదు” అను సాకు కాలిన పంటను తిరిగి తేలేదు.

మన తిరువూరు ప్రాంతమున వేసవి వచ్చెనా, మామిడితోటలలో ఎండుటాకులు, దొడ్లలో వరిగడ్డి వాములు, కొందరి యిండ్లలో పత్తి నిలువలు ఉండును. గట్టువెంట పోవుచు చుట్టపీకనో బీడీముక్కనో విసరి, ఆరిపోయినదని తలంతుము. గాని గడ్డిలోను పత్తిలోను పడిన నిప్పు మంట లేకయే లోలోపల గంటలతరబడి రాజుకొనగలదు. విసరినవాడు ఇల్లు చేరి నిద్రించిన తరువాత గాలి తగిలి మంట లేచును. కాలినది గడ్డి మాత్రమే కాదు. ఒక పేదరైతు ఎద్దులకు, పాడిగేదెకు ఉన్న మేత యంతయు అదియే.

ఇది పల్లెలకే పరిమితము కాదు. 1985 మే 11న ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణమున జనులు ఫుట్‌బాల్ ఆట చూచుచుండగా, కూర్చున్న చెక్కల సందులో ఆరని అగ్గిపుల్లయో సిగరెట్టో పడి, క్రింద పేరుకొనిన చెత్త అంటుకొనెనని విచారణలో తేలెను. కొద్ది నిమిషములలోనే మంట ఆ కట్టడమంతయు వ్యాపించి, 56 మంది మరణించిరి.

మేడ కట్టువాడు ఎవరును పడకమునుపే పైన పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8 బోధించుచున్నది. కీడు రాకమునుపే అడ్డుకట్ట వేయుటయు పొరుగువానిని ప్రేమించుటయే.

కావున పొగత్రాగుట మానుట మొదటి మేలు. ఇంకను మానలేనివారు కళ్లములో, వాముల దగ్గర, పత్తి ఉన్న ఇంటిలో, మంచముమీద ముట్టింపకూడదు. మిగిలిన ముక్కను, అగ్గిపుల్లను మట్టిలో నలిపి, నీళ్లు పోసి, పూర్తిగా ఆరినదని చూచిన పిమ్మటనే విడువవలెను. వాములను ఇండ్లకు దూరముగా వేసి, చుట్టును ఎండుగడ్డి చెక్కివేయవలెను. మంట లేచినయెడల ముందు మనుష్యులను కాపాడి, వెంటనే 101కు ఫోను చేయవలెను.

ఇంకొక కఠినమైన మాట కలదు. మన నిప్పువలన ఒకని వాము కాలినయెడల, ఎవరును చూడలేదు గదా అని ఊరకుండుట క్రైస్తవునికి తగదు. యేసును తన యింట చేర్చుకొనిన జక్కయ్య, తాను అన్యాయముగా తీసికొనినదానిని తిరిగి చెల్లింతునని అందరి యెదుట ఒప్పుకొనెను (లూకా 19:8). డబ్బు లేనివాడు గడ్డిమోపులు మోసియైనను, కూలిపని చేసియైనను తీర్చవచ్చును. అట్టి సహోదరుని సంఘము ఎగతాళి చేయక, తలా ఒక మోపు ఇచ్చి తోడుపడవలెను. అప్పుడు గదా మన విశ్వాసము ఊరివారికి కనబడును!

ప్రభువా, మా చేతులకు మెలకువను, మా పొరుగువారికి క్షేమమును దయచేయుము. ఆమేన్.