పొట్లం మారితే సరుకు అదేనా?

లినక్స్‌లో రెడ్‌హ్యాట్ వర్గపు వ్యవస్థలకు సాఫ్ట్‌వేర్ ఆర్‌పీఎం పొట్లాల్లో వస్తుంది. డెబియన్, ఉబుంటులకు డెబ్ పొట్లాల్లో వస్తుంది. రెండిటి కట్టుబడీ వేరు. అందుకే ఏలియన్ అనే పనిముట్టు ఆర్‌పీఎంను విప్పి, లోపలి ఫైళ్లను డెబ్‌గా మళ్లీ కడుతుంది. అలా కట్టినది పాత సాఫ్ట్‌వేరేనా, కొత్తదా? ప్రశ్న కంప్యూటర్లదే గానీ, ఈ తగవు మన దర్శనాలకు పాతదే.

ముందుగా తట్టేది గీత రెండో అధ్యాయంలోని బట్టల పోలిక: వస్త్రం మారినా ధరించినవాడు మారడు. ఫైళ్ల మట్టుకు ఇది నిజమే. మార్పిడికి ముందూ తర్వాతా ప్రోగ్రామ్ ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క కడితే ఒకే విలువ వస్తుంది. ఒక్క బిట్టూ చెదరదు. కానీ పొట్లం ఒట్టి బట్ట కాదు. ముందే ఉండాల్సిన లైబ్రరీల జాబితా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నడిచే స్క్రిప్టులు, తయారీదారు డిజిటల్ సంతకం ఆర్‌పీఎంలోనే ఉంటాయి. స్క్రిప్టులను ఏలియన్ అడిగితే తప్ప తేదు; ఒక వ్యవస్థకు రాసిన ఆజ్ఞలు ఇంకో దాన్ని పాడుచేయవచ్చు. జాబితాలోని పేర్లూ కలవవు: ఫెడోరాలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-లిబ్స్ అన్నదే డెబియన్ 12లో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3. సంతకమా, అది పాత పొట్లానికి పెట్టినది, కొత్త కట్టకు చెల్లదు.

న్యాయ వైశేషికులైతే దీన్ని కొత్త వస్తువే అంటారు. వారి మతంలో అవయవి, అంటే మొత్తం వస్తువు, తన అవయవాలకు, అంటే భాగాలకు, వేరు. ఒక్క పోగు తీసినా పాత వస్త్రం నశించి కొత్తది పుడుతుంది. ఏలియన్ కూడా తెలియకుండానే ఆ పక్షం చేరింది: వద్దని చెప్పకపోతే విడుదల సంఖ్యకు ఒకటి కలిపేస్తుంది. అయితే ఈ లెక్కన సహాయ పత్రంలో ఒక అక్షరం దిద్దినా సాఫ్ట్‌వేర్ వేరైపోవాలి. వాడేవాడెవడూ అలా అనుకోడు.

బౌద్ధ గ్రంథం మిలిందపన్హలో భిక్షువు నాగసేనుడు రథం గురించి చెప్పిన మాటే ఇక్కడ బాగా కుదురుతుంది. చక్రం రథం కాదు, ఇరుసు కాదు, కాడి కాదు. వాటి కూర్పును ఆశ్రయించి పుట్టిన పేరు రథం. సాఫ్ట్‌వేర్ కూడా ఫైళ్లకూ వాటి చుట్టూ ఉన్న వ్యవస్థకూ నడుమ ఉన్న కూర్పుకు పెట్టిన పేరే. అందుకే ఈ ప్రశ్నకు అన్ని పొట్లాలకూ ఒకే జవాబు ఉండదు. ఫాంట్ల పొట్లానికి బయటి బంధాలు తక్కువ; అది మారినా దాదాపు అదే. వ్యవస్థ నడవడానికే ఆధారమైన ఇనిట్, లిబ్‌సీ వంటివాటికి బంధాలే ప్రాణం. వాటిని ఇలా మార్చి పెట్టుకోవద్దని ఏలియన్ మాన్యువలే హెచ్చరిస్తుంది.