నోటీసు అందని వాళ్లు

ఆర్టీసీ సమ్మె అనగానే మా కడప జిల్లాలో రెండు మాటలు వింటాను. "వాళ్ల జీతాల కోసం మమ్మల్నెందుకు సతాయించేది?" అని ఒకరు. "వాళ్లకు మాత్రం కడుపుల్లేవా?" అని ఇంకొకరు. రెండూ నిజమే. మరి ఎవరి పక్కన నిలబడాలి?

2015 మే 6న మొదలైన సమ్మెనే తీసుకుందాం. ప్రభుత్వోద్యోగులతో సమానంగా 43 శాతం ఫిట్‌మెంట్ కావాలని కార్మికులు అడిగారు. ఎనిమిదో రోజున, మే 13న, ప్రభుత్వం ఒప్పుకుంది. ఈ మధ్యలోనే, మే 8న, ఎంసెట్. నిమిషం ఆలస్యమైతే పరీక్ష హాల్లోకి రానివ్వరు.

అప్పటికి మా వైపు రైలు కూడా ఆదుకునేది కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు ప్యాసింజరు రైలు వచ్చింది 2016లో. పులివెందులకు అదీ లేదు. మూడు ఊళ్లలోనూ డిపోలున్నాయి కాబట్టి చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ బస్సుల మీదే ఆధారం. బైకు ఉన్నవాడికి సమ్మె పేపర్లో చదివే వార్త. కూలికి, ఆస్పత్రికి, పరీక్షకు పోవాల్సినవాళ్లు మాత్రం ఆటోవాడు అడిగినంత ఇచ్చుకోవాల, లేదంటే ఇంటికాడ కూచోవాల.

మిల్లులో సమ్మె జరిగితే ముందు దెబ్బ తగిలేది యజమానికి. బస్సుల సమ్మెలో సంస్థ రాబడీ పోతుంది. కానీ ప్రభుత్వాన్ని తొందరపెట్టేది ఎక్కువగా బస్టాండులో నిలబడ్డ జనం కోపమే. అంటే ప్రయాణికుడి కష్టమే సమ్మెకు పనిముట్టు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోవద్దన్న కాంట్ మాట ఇక్కడ గుచ్చుకుంటుంది.

బస్సులు నడుపుతూనే సమ్మె చెయ్యొచ్చు కదా అంటారు. 2018లో జపాన్‌లోని ఒకయామాలో డ్రైవర్లు అదే చేశారు. బస్సు నడిపారు, చార్జీ తీసుకోలేదు. ముచ్చటగానే ఉంది. మన దగ్గర టికెట్ కొట్టకుండా జనాన్ని ఎక్కించుకున్న కండక్టరు మీద కేసు రాస్తారు. ఆ దారి మూసిపెట్టి, జనాన్ని ఇబ్బంది పెట్టారని కార్మికుణ్ణొక్కణ్ణే నిలదీయడం న్యాయం అనిపించదు.

ఇంకో అనుభవం ఉంది. 2013లో సమైక్యాంధ్ర కోసం దాదాపు రెండు నెలలు బస్సులు ఆగాయి. నేను విన్నంతలో అప్పుడు డ్రైవర్లను తిట్టినవాళ్లు తక్కువ. కష్టం ఇంకా పెద్దదే, కానీ చాలామంది దాన్ని తమ పోరాటం అనుకున్నారు. ఆ అనుకోవడంలోనే తేడా అంతా ఉంది. అలాగని ఊరంతా ఒక ఊపులో ఉన్నప్పుడు, పని పోగొట్టుకున్న కూలీని ఎవరైనా విడిగా అడిగారా అన్న సందేహం నాకు పోదు.

కాంట్ మాటలో బరువంతా "కేవలం" అన్న పదం మీదుంది. ప్రయాణికుణ్ణి సాధనంగా వాడక తప్పనప్పుడు, మనిషిగా కూడా లెక్కలోకి తీసుకున్నామా? 2015లో అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రజోపయోగ సేవల్లో సమ్మెకు ముందు నోటీసు ఇవ్వాలని, ఇచ్చాక 14 రోజులు ఆగాలని చెప్పేది. ఆ నోటీసు అందేది యాజమాన్యానికి. ప్రయాణికుడికి పేపర్లో వస్తే తెలుస్తుంది, లేకుంటే లేదు. అదే ఏడాది అక్టోబరులో చార్జీలు పెరిగాయి. ఫిట్‌మెంట్ ఒక్కటే కారణమని నేననను. కానీ మేలో ఎండకు నిలబడిన మనిషే అక్టోబరులో ఎక్కువ కట్టాడు. రెండుసార్లూ అతణ్ణి అడిగినవాళ్లు లేరు.

2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. ఈ ప్రశ్న మాత్రం అక్కడే ఉంది. సమ్మె చేసే హక్కును నేను ఒప్పుకుంటాను. అది ప్రయాణికుడి దగ్గర చేసిన అప్పు అని కూడా అంటాను. పరీక్షకు, ఆస్పత్రికి పోయే బస్సులు నాలుగు వదలడం ఆ అప్పుకు వడ్డీ. అసలు తీరాలంటే డిమాండ్ల జాబితాలో ఒక్కటైనా అతనిది ఉండాలి. జీతం పెంచండి అన్న కాగితం మీదే, మా రూట్లో ఆపేసిన పల్లెవెలుగు మళ్లీ వెయ్యండి అని ఇంకో వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం ఉన్న రోజున, బస్సు కోసం ఎదురుచూసేవాడు ఏ పక్షమో అతనే తేల్చుకోగలడు.