సర్టిఫికెట్ కోసం చేసే సేవ

జాతీయ సేవా పథకం 1969లో, గాంధీ శతజయంతి సంవత్సరంలో మొదలైంది. అందులో చేరిన డిగ్రీ విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అదనం. శిబిరం వేసిన ఊరి బడిలో చిన్న తరగతుల పిల్లల పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పించడం, పలక మీద ఒత్తులు దిద్దించడం మామూలే. చివర సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని ఆశించి చేసింది సేవేనా?

భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా చెప్పింది. బదులు చేయలేనివారికి, ఇవ్వడం విధి అనుకుని ఇచ్చేది సాత్వికం. ఫలం ఆశించి ఇచ్చేది రాజసం. చులకన చేస్తూ ఇచ్చేది తామసం. ఈ లెక్కన సర్టిఫికెట్ సేవ రాజసమే. అయినా దాన్ని తీసిపారేయనక్కర్లేదు. దిద్దించినవాడి ఉద్దేశం ఏదైనా పిల్లవాడికి ‘క్ష’ రాయడం వస్తుంది. అసలు ప్రమాదం మూడోదానితోనే. పిల్లల్ని వరసలో నిలబెట్టి, బిస్కెట్ పొట్లం చేతికిస్తూ ఫొటోలు దిగడం ఆ కోవలోదే.

ఇలా దిద్దించడం కొత్తేమీ కాదు. పూర్వపు వీధిబడుల్లో పెద్ద పిల్లలే చిన్నవాళ్లచేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. అది సేవ కాదు, వాళ్ల చదువులో భాగం. మద్రాసు అనాథ బాలుర పాఠశాల పర్యవేక్షకుడు ఆండ్రూ బెల్ అక్కడ ఈ పద్ధతినే అమలుచేసి, 1797లో దాని గురించి ఇంగ్లండులో పుస్తకం ప్రచురించాడు.