అది చేసిన నేరమేమి?

గత వేసవి సెలవులలో మేము పిల్లలతో హైదరాబాదు వెళ్లి, అక్కడి నెహ్రూ జంతు ప్రదర్శనశాలను చూచితిమి. మీర్ ఆలం చెరువు ప్రక్కను 380 ఎకరముల స్థలములోనున్న ఈ తోట 1963వ సంవత్సరము అక్టోబరు నెలలో ప్రజలకు తెరువబడినది. పెద్ద మృగములనేకము అక్కడ ఇనుప బోనులలో గాక, లోతైన కందకమునకు ఆవల విశాలమైన ఆవరణలలో ఉంచబడియున్నవి.

సింహము చెట్టునీడను పండుకొనియుండెను. మా చిన్నవాడు దానిని లేపవలెనని గులకరాయి విసరెను. మేమును నవ్వితిమి. ఆ నవ్వు ముగియకమునుపే మా పెద్దమ్మాయి, "నాన్నా, అది చేసిన నేరమేమి?" అని అడిగెను. మాకు జవాబు తోచలేదు.

ప్రియ చదువరులారా, ఆ ప్రశ్నను మనము తేలికగా త్రోసివేయరాదు. జీవులమీద ఏలుబడిని దేవుడే నరునికిచ్చెనని ఆదికాండము మొదటి అధ్యాయములో చదువుచున్నాము గదా, ఇక సందేహమెందుకని కొందరందురు. అయితే ఏలుబడి యనగానేమి? రెండవ అధ్యాయములో ఆదాము ఆ జీవులకు పేర్లు పెట్టెను. పేరు పెట్టువాడు దగ్గరగా చూచి, ఒక్కొక్కదానిని ఎరుగవలెను. రాయి విసరుచు నవ్విన మేము ఆ సింహమును ఎరిగినవారమా?

నోవహు ఓడను తలంచుడి. అందులోని మృగములు సహా మూయబడినవే. అయినను వాటిని బ్రదికించుటకే ఆ తలుపు మూయబడెను. నేల ఆరిన దినమున తెరువబడెను. మృగములను ఉంచు ప్రతి స్థలమును ఈ కొలతతో చూడవచ్చునని మాకు తోచుచున్నది. ఎవరి మేలుకొరకు మూసిరి? తెరచు దినమును తలంచుచున్నారా?

ఆ తోటలోనే ఇందుకొక దృష్టాంతమున్నది. మూషిక జింకలను కుందేలంత చిన్న జింకలను 2010 నుండి అక్కడ పెంచి, వాటి సంతతిలో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాదు అడవిలో విడిచిపెట్టిరి. సింహముల సంగతి అంత సులభము కాదు. మన దేశములో అవి స్వేచ్ఛగా మిగిలినది గుజరాతులోని గిర్ ప్రాంతముననే. వేట ఎరుగక పెరిగిన మృగమును ఒక్కసారి అడవిలో విడిచినయెడల అది బ్రదుకుట కష్టము. తలుపు తెరువలేనప్పుడు నీడయు, చోటును, ఆహారమును, నెమ్మదియు దానికి మనము ఋణపడియున్నాము.

మరునాడు ఊరు చేరి కొట్టములోనికి పోగా, మా ఎద్దు మెడమీద కాడిపుండు కనబడెను. ఈగలు ముసురుచుండెను. అది నిన్నటి పుండు కాదు. దుక్కి తొందరలో మేము చూచియు చూడనట్లు ఊరకుంటిమి. అమ్మాయి ఈసారి ఏమియు అడుగలేదు. మా ముఖమువైపు చూచెను. పట్టణపువారు సింహమును ఎట్లు ఉంచిరని విచారించుచు వచ్చిన మేము తలవంచుకొంటిమి. సామెతల గ్రంథము 12వ అధ్యాయము 10వ వచనము నీతిమంతుని గుర్తును అతని పశువునెడల చూపు దయలోనే చూపుచున్నది గదా!

పుండు కడిగి పసుపు నూనె రాచితిమి. అది మానువరకు కాడి కట్టలేదు. మా దుక్కి వెనుకబడిన మాట నిజమే. రాయి విసరిన చిన్నవాడే ఇప్పుడు సాయంకాలము కుడితి తొట్టి నింపుచున్నాడు.

సహోదరులారా, ఈ రాత్రి పండుకొనకముందు మీ కొట్టములోనికి దీపము తీసికొని పోయి చూడుడి. మనయెడల దయచూపిన దేవుడు, మన చేతిక్రింద నున్న మూగజీవులయెడల దయగల మనస్సును మనకు అనుగ్రహించును గాక.