జూదానికి మంచి చోటు లేదు



ఉపాసకులారా, ఉపాసికలారా,

మన పొదిలి కుర్రోళ్ళు ఇప్పుడు పేకాట కోసం తోటల్లోకి పోవడం లేదు. మిరప కోత కూలి డబ్బు, పత్తి అమ్మిన డబ్బు ఫోన్‌లోనే పడుతున్నాయి, ఫోన్‌లోనే పోతున్నాయి. వందనం అయ్యాక ఒక తమ్ముడు పక్కకు పిలిచి అడుగుతాడు: "అన్నా, పోకర్ మొదలుపెడదామనుకుంటన్నా. మోసం లేని యాప్ ఏదో చెప్పు, యాడ ఆడితే మంచిది?" మీకూ ఆ ఆలోచన ఉంటే ఇది మీ కోసమే.

ముందు ఆట లెక్క చూద్దాం. పోకర్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు తెరుస్తారు. ముక్క తెరిచే కొద్దీ పందెం పెరుగుతుంది. యాప్ మొదట ఊరికే ఆడనిస్తుంది, బోనస్ ఇస్తానంటుంది. అసలు డబ్బు పెట్టాక ప్రతి పందెంలో తన వాటా కోసుకుంటుంది. ఆరుగురు తలా వెయ్యి తెచ్చి కూర్చున్నారనుకోండి. యాప్ కొంచెం కొంచెంగా 600 కోసుకుంటే, తెల్లారేసరికి ఆరుగురి దగ్గరా కలిపి మిగిలేది 5,400. మీరు గెలిచినా అది పక్కవాడి డబ్బే. వాడూ మీలాగే ఎండలో కూలి చేసినవాడు కావచ్చు.

"అది తెలివి ఆట, జూదం కాదు" అంటారు. నిజమే, 1968లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఆట అంది. కంపెనీలు ఆ మాట పట్టుకునే పెరిగాయి. బుద్ధుడు చూసింది తెలివా అదృష్టమా అని కాదు, దానివల్ల మనిషి ఏమవుతాడని. సిగాలోవాద సుత్తంలో జూదానికి ఆరు నష్టాలు చెప్పాడు. గెలిస్తే పగ పుడుతుంది. ఓడితే పోయినదాని కోసం కుమిలిపోతాం. ఉన్నది తరిగిపోతుంది. నలుగురిలో మాట చెల్లదు. స్నేహితులు చులకన చేస్తారు. పెళ్ళికి పిల్లనివ్వరు. గమనించండి, ఆయన మొదట చెప్పింది ఓటమి గురించి కాదు, గెలుపు గురించి.

"పంచశీలలో జూదం పేరు లేదు కదా?" అనొచ్చు. 22 ప్రతిజ్ఞల్లోనూ ఆ పేరు లేదు. కానీ ఓడినవాడు ఇంటికొచ్చి ఏం చేస్తాడు? డబ్బు ఏమైందంటే అబద్ధం చెబుతాడు, నాలుగో శీలం పోయింది. భార్య డ్వాక్రా పొదుపు డబ్బు చెప్పకుండా తీస్తాడు, రెండోది పోయింది. ఆ బాధ మరవడానికి సీసా ఎత్తుతాడు, అయిదోదీ పోయింది. అందుకే బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో గృహస్థుల నియమాలకు చోటిచ్చారు. పండగ పేరుతో ఆడే కోడిపందేలూ పేకాటా వద్దనుకుని ఈ దారికి వచ్చినవాళ్ళం. అదే పేకాట ఫోన్‌లో వస్తే లోపలికి రానిస్తామా?

ఇక ఎక్కడ ఆడాలన్న ప్రశ్న. మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆడించేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. ఈరోజు మీకు లింకు పంపేవాడు చట్టానికి దొరక్కుండా తిరిగేవాడు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే ఎవరి గడప ఎక్కుతారు? కాబట్టి తమ్ముడూ, మంచి యాప్ అనేది లేదు.

ఇప్పటికే దిగిపోయారా? సిగ్గుపడి దాచకండి. పోయినది రాబట్టాలని మళ్ళీ పెట్టకండి, అప్పుల యాప్ జోలికి పోకండి. ఈ రాత్రే ఇంట్లో నిజం చెప్పండి. మోసపోతే 1930కి ఫోన్ చేయండి. చచ్చిపోవాలనిపించేంత దిగులుగా ఉంటే 14416కి చేయండి, మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఇంట్లోవాళ్ళకూ ఒక మాట: నిజం చెప్పిన బిడ్డను తిట్టి తరమకండి. వాడు మళ్ళీ ఆ ఫోన్ దగ్గరికే పోతాడు.

బుద్ధుడు దీఘజాణు అనే గృహస్థుడికి సంపదను చెరువుతో పోల్చి చెప్పాడు. నీళ్ళు పోయే తూములు నాలుగు: స్త్రీలోలత్వం, తాగుడు, జూదం, చెడు సావాసం. వానలు సరిగ్గా లేని మెట్ట ప్రాంతం మనది. చెరువు నీటి విలువ మనకు ఒకరు చెప్పాలా? అదే బుద్ధుడు సిగాలుడికి సంపాదనను నాలుగు భాగాలు చేయమన్నాడు: ఒకటి అనుభవించడానికి, రెండు పనిలో పెట్టడానికి, ఒకటి కష్టకాలానికి. అందులో పందేనికి భాగం లేదు.

ఈ వారం వచ్చే కూలి డబ్బు నాలుగు భాగాలు చేసి చూడండి. తూము మూసేది మన చేతులే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!