అవ్వ మరచినా ఆమె అవ్వే



కాలేజీ చదువుల్లో ఈ రోజుల్లో సినిమా తీయడం కూడా ఒక పాఠం. చేతిలో సెల్‌ఫోను ఉంటే చాలు, పది నిమిషాల చిత్రం తయారవుతుంది. అధ్యాపకులు 'నేను ఎవరు?' అనే అంశం ఇచ్చారనుకోండి. మీ ఇంటి బిడ్డ ఆ పని మీద సెలవులకు వింజమూరు వచ్చాడనుకోండి. కెమెరా ఎక్కడ పెడతాడు? మొదట అద్దం ముందు పెడతాడు. తర్వాత ఉదయగిరి కొండ మీదికి వెళతాడు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకున్న ఆ కోట ఎన్ని చేతులు మారినా కొండ మాత్రం కొండే గదా అని ఒక మాట చెప్పిస్తాడు. రెండూ బాగానే ఉంటాయి గానీ తృప్తి కలగదు. అప్పుడతని చూపు వసారాలో మంచం మీద కూర్చున్న అవ్వ మీద పడుతుంది. రోజూ అన్నం తినిపించే మనవణ్ణే ఆమె "ఎవురు నాయనా నువ్వు?" అని అడుగుతోంది. "ఇదే నా సినిమా!" అనుకుంటాడు అబ్బాయి.

ఇక్కడ పెద్దలమైన మనం ఆగి ఆలోచించాలి. ప్రశ్నలు రెండు. అన్నీ మరచిన అవ్వ మునుపటి అవ్వేనా? ఆమెను అలా చిత్రీకరించడం న్యాయమేనా? మొదటి ప్రశ్నకు మనమిచ్చే జవాబును బట్టే రెండవదానికి జవాబు ఉంటుంది.

ఇంట్లో గొడ్డలికి ఒక ఏడు పిడి మార్చాం, మరో ఏడు ఇనుము మార్చాం. అది తాతగారి గొడ్డలేనా? గ్రీకులు ఇదే ప్రశ్నను థీసియస్ ఓడ పేరుతో అడిగారు. ఒక్కొక్క పలకా మారుస్తూ పోతే చివరికి మిగిలిన ఓడ పాతదేనా అన్నది వారి సందేహం. మన శరీరమూ పుట్టిననాటి శరీరం కాదు. కాబట్టి మనిషి ఎవరో తేల్చడానికి శరీరం ఒక్కటే సరిపోదని చాలామంది అనుకున్నారు.

మన బేతాళ కథల్లో ఒక స్త్రీ కంగారులో తన భర్త తలను అన్న మొండేనికీ, అన్న తలను భర్త మొండేనికీ అతికిస్తుంది. ఇద్దరూ బతుకుతారు. ఎవరు భర్త? తల ఉన్నవాడే భర్త అన్నాడు విక్రమార్కుడు. ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ కూడా 1694లో ఇంచుమించు ఆ దారినే నడిచాడు. గతంలో చేసినవాటిని తనవిగా ఎరిగి ఉండటమే మనిషిని అదే మనిషిగా నిలుపుతుందని అతని వాదం.

ఈ వాదాన్ని 1785లో థామస్ రీడ్ ప్రశ్నించాడు. ఒక కుర్రవాడు తోటలో పండ్లు దొంగిలించి దెబ్బలు తిన్నాడు. పెద్దయి సైనికుడై శత్రువు జెండా పట్టుకున్నాడు. ఆనాడు అతనికి చిన్ననాటి దెబ్బలు గుర్తున్నాయి. ముసలితనంలో సేనాపతి అయ్యాక జెండా గుర్తుంది గానీ దెబ్బలు గుర్తు లేవు. మరి సేనాపతీ ఆ కుర్రవాడూ ఒక్కరేనా, ఇద్దరా? జ్ఞాపకాన్నే కొలబద్దగా పెట్టుకుంటే లెక్క కుదరదు.

విశాఖపట్నంలోని ఒక పేట మనుషులతోనే తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018) చాలామంది చూసే ఉంటారు. పేర్లు వేరు, వయసులు వేరుగా నాలుగు కథలు నడుస్తాయి. నలుగురూ ఒక్కడేనని చివర్లో తెలుస్తుంది. ఆ నాలుగు ముక్కలనూ కలిపి ఒక మనిషిగా చూసే పని వెంకటేష్ మహా ఆ చిత్రంలో ప్రేక్షకులకు అప్పగించాడు. మన ఇళ్లలోనూ అంతే. ఒక మనిషి కథను తాను ఒక్కడే మోయడు, చుట్టూ ఉన్నవారూ మోస్తారు.

పునీత అగుస్తీను 'కన్ఫెషన్స్'లో తన పసితనాన్ని గురించి రాస్తూ, అది తనకేమీ గుర్తు లేదనీ, ఇతరులు చెప్పినదాన్నే నమ్ముతున్నాననీ ఒప్పుకున్నాడు. మనందరిదీ అదే సంగతి. మన బ్రతుకు మొదటి పుటలు మన దగ్గర లేవు, అమ్మ దగ్గర ఉన్నాయి. విచారణ గుడిలో జ్ఞానస్నానాల పుస్తకం తెరచి చూడండి. తన పేరు తనకు తెలియని బిడ్డ పేరు అందులో రాసి ఉంటుంది. గురువు అడిగిన ప్రశ్నలకు ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులూ జ్ఞాన తల్లిదండ్రులూ జవాబు చెప్పారు. జ్ఞాపకం లేదు గనుక ఆ బిడ్డ ఎవరూ కాదని ఎవరైనా అన్నారా? బ్రతుకు మొదట్లో లేని షరతును చివర్లో అవ్వ మీద ఎందుకు పెట్టాలి? ఆమె మరచినదాన్ని కొడుకులు, కోడళ్లు, ఇరుగుపొరుగు మోస్తున్నారు. పైగా కొడుకు పేరు మరచిన నోరు జపమాల పట్టుకుంటే తడబడకుండా సాగడం కొందరు పెద్దల్లో చూస్తూనే ఉన్నాం.

ఆమె అవ్వే అయితే, ఆమె మానమూ ఆమెదే. "ఆమెకు తెలియదు గదా, నష్టమేముంది?" అనే మాట ఇక నిలవదు. 1901లో ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో ఆగస్టా డెటర్ అనే రోగిని డాక్టర్ అల్జీమర్ ప్రశ్నలడిగాడు. భర్త పేరేమిటంటే ఆమె తన పేరే చెప్పింది. ఆ సంభాషణ రాసిన కాగితాలు 1995లో దొరికాయి. నేడు ఆమె పేరూ ముఖమూ లోకమంతటికీ తెలుసు. అలా జరుగుతుందని ఆమెకు తెలిసే వీలే లేకపోయింది. వైద్యానికి అది మేలు చేసింది, నిజమే. కానీ మన వసారాలో తీసిన దృశ్యం వందేళ్లు ఆగదు, ఆ సాయంత్రానికే ఊరంతా తిరుగుతుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. మరపు వచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు.

అలాగని కెమెరా లాక్కోమని నేను చెప్పడం లేదు. ఇలాంటి పెద్దలను వెనక గదిలో దాచి, చుట్టాలు వస్తే తలుపు మూసే ఇళ్లూ ఉన్నాయి. ఆ దాపరికం కన్నా ప్రేమతో తీసిన చిత్రమే మేలు. కాకపోతే జ్ఞానస్నానంనాడు బిడ్డ తరఫున పెద్దలు నిలబడినట్టు, ఇప్పుడు అవ్వ తరఫున ఎవరో ఒకరు నిలబడాలి. మనసు నిలకడగా ఉన్న రోజుల్లో ఆమె దీనికి ఒప్పుకునేదా? పైట సర్దుకోకుండా గడప దాటని మనిషిని చెదిరిన జుట్టుతో చూపవచ్చునా? ఈ ప్రశ్నలకు ఆమెను ఎరిగినవారు కూర్చుని నిజాయితీగా జవాబు చెప్పాలి. ఆమె ఇప్పుడు కూడా మొహం తిప్పుకుంటే, చెయ్యి అడ్డం పెడితే, అదీ ఒక జవాబే. అక్కడితో ఆపాలి.

మనవడికీ ఒక మాట చెప్పండి. "ఎవురు నాయనా నువ్వు?" అని ఆమె అడిగినప్పుడు ఆ ప్రశ్న నీకే వేసింది. "నీ కొడుకు కొడుకును అవ్వా" అని రోజుకు పదిసార్లు విసుక్కోకుండా చెప్పు. నీకిచ్చిన అంశానికి అంతకంటే మంచి జవాబు అద్దంలో దొరకదు. కావాలంటే ఆ జవాబు చెప్పే నీ ముఖాన్నే చిత్రించు. చింతపండు గింజలు తీసే ఆమె చేతులను చిత్రించు.

చిత్రం పూర్తయ్యాక ఎవరికీ పంపక ముందు, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఇంటిల్లిపాదీ ఒకసారి చూడండి. ఆమె పక్కన కూర్చుని చూడలేని దృశ్యం ఏదైనా ఉంటే, దాన్ని నలుగురికీ చూపకండి.